ఎండకు ఎండతోనే విరుగుడు

ముందు కప్పుకు సున్నం, తర్వాత సౌర ఫలకాలు, చివరికే ఏసీ

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెతకు పెద్దపల్లి జిల్లా వాసులకు వేరే రుజువు అక్కరలేదు. రామగుండంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. పొలం పనో, గని పనో, ఇటుక బట్టీ పనో చేసుకుని ఇల్లు చేరిన మనిషి నీడపట్టున కాసేపు సేదదీరాలనుకుంటాడు. కాని నేటి ఇళ్లలో చాలావాటికి ఆ చలువ లేదు. పొద్దుగూకి బయట గాలి చల్లబడినా ఇంట్లో కప్పు, గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. మంచాలు వాకిట్లోకి చేరతాయి. వాకిలి లేని ఇళ్లలో ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు ఆ ఉక్కలోనే రాత్రి గడపవలసి వస్తుంది.

ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. పరిహారం ప్రాణం పోయిన తర్వాతి మాట. ప్రాణం మీదికి రాకుండా ఇంటిని చల్లగా ఉంచుకునే మార్గాలేమిటో అంతకు ముందే చూసుకోవాలి.

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. ఇంటిని కాల్చే ఎండతోనే ఇంటిని చల్లబరచడం కూడా సాధ్యమే. అయితే ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ప్రశ్న. తప్పు వరుసలో డబ్బు పెడితే అప్పు మిగులుతుంది, ఉక్క అలాగే ఉంటుంది.

మంటతో మంచు

ఎండతో చల్లదనం పుట్టించడం ఈనాటి ఆలోచన కాదు. 1878లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆగస్టిన్ మూషో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెద్ద అద్దపు గొడుగుతో సూర్యకాంతిని ఒకచోటికి చేర్చి, ఆ వేడితో మంచుగడ్డ తయారుచేసి చూపాడు. చూసినవారికి ఇంద్రజాలంలా తోచినా అందులో గారడీ ఏమీ లేదు. నీటిలో కలిసి ఉన్న అమ్మోనియాను వేడిచేస్తే అది ఆవిరై విడిపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చితే ద్రవమవుతుంది. ఆ ద్రవం తిరిగి ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబడే తీరు కూడా ఇటువంటిదే.

ఈ పద్ధతిని మన దేశంలోనూ వాడారు. గుజరాత్‌లో వడోదర సమీపాన గోరజ్ గ్రామంలోని ముని సేవా ఆశ్రమం ఆసుపత్రిని చల్లబరచడానికి పెద్ద అద్దపు పళ్లేలతో ఎండను పట్టి, ఆ ఆవిరితో శీతల యంత్రాన్ని నడిపారు. ఇటువంటి అద్దపు పళ్లేలనే తిరుమలలో 2002లో యాత్రికుల భోజనం వండే ఆవిరి కోసం అమర్చారు.

ఆసుపత్రికి, పెద్ద వసతిగృహానికి తగిన ఈ యంత్రాలు మన ఇంటికి తగవు. వాటికి బోలెడు స్థలం, నీరు, రోజూ కనిపెట్టి ఉండే మెకానిక్కు కావాలి. ఇంటికి సరిపడేవి ఇంకా సులువైన దారులు. వాటిలో మొదటిదానికి యంత్రమే అక్కరలేదు.

కప్పు మీద 56 హీటర్లు

ఇంట్లోకి వేడి ఎటునుంచి వస్తున్నదో ముందు తెలుసుకోవాలి. వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. గోడల మీద ఏటవాలుగా పడే ఎండ కప్పు మీద నిట్టనిలువుగా పడుతుంది. ఆ వేళ ఒక చదరపు మీటరు మీద పడే సూర్యశక్తి సుమారు వెయ్యి వాట్లు, అంటే ఒక హీటరుతో సమానం.

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల ఇల్లు తీసుకుందాం. కప్పు 600 చదరపు అడుగులు, అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నం ఆ కప్పు మీద 56 హీటర్లు వెలిగించి పెట్టినట్టే. పాతబడి బూడిదరంగుకు తిరిగిన సిమెంటు స్లాబు ఇందులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 37 హీటర్ల వేడిని తనలోకి పీల్చుకుంటుంది. అందులో కొంత గాలికి పోతుంది. మిగిలింది మెల్లగా కిందికి దిగుతుంది.

ఈ దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే స్లాబు ఇంట్లో సెగ మధ్యాహ్నంకంటె సాయంత్రం, ముందురాత్రి ఎక్కువ. రేకుల ఇంటి తీరు వేరు. సిమెంటు రేకు గాని ఇనుప రేకు గాని పలచన కనుక ఎండ ఎక్కిన వెంటనే ఇల్లు పెనంలా కాలుతుంది. పొద్దుగూకాక స్లాబుకంటె త్వరగా చల్లారుతుంది. పగటిపూట ఇంటిపట్టున ఉండే ముసలివారికి రేకుల ఇల్లు ప్రమాదం. పగలంతా పనిచేసి రాత్రి నిద్రపోవలసినవారికి స్లాబు ఇల్లు శిక్ష.

పాత ఇళ్లకు ఈ బాధ ఇంతగా లేదు. గూన పెంకుల కింద గాలి ఆడే సందులుండేవి. మట్టిగోడలు మందంగా ఉండేవి. కప్పు ఎత్తుగా ఉండేది. కోతులు పెంకులు పీకి పారేస్తుంటే ఏటా నేయించుకోలేక ఎందరో పెంకులు దించి రేకులు వేయించుకున్నారు. కోతుల బెడద తప్పింది గాని ఎండ బెడద నెత్తి మీదికి వచ్చింది. మళ్లీ పెంకుటిళ్లు కట్టుకోమనడం సులువే, ఆచరణ కష్టం. ఉన్న స్లాబును, ఉన్న రేకును ఏం చేయాలన్నదే అసలు విషయం.

సున్నమే తొలి మందు

తెలుపు వెలుగును తిప్పికొడుతుంది, నలుపు మింగుతుంది. ఎండలో నల్ల గొడుగును, తెల్ల తువ్వాలును తాకి చూసినవారికి ఈ సంగతి తెలిసిందే. కొత్తగా వేసిన సున్నపు పూత తన మీద పడిన ఎండలో సుమారు నాలుగింట మూడు వంతులు ఆకాశానికే తిప్పి పంపుతుంది. మనం చెప్పుకున్న ఇంటి కప్పు 37 హీటర్ల వేడికి బదులు 14 హీటర్ల వేడే పీలుస్తుందన్నమాట. ఇటువంటి తెల్లని కప్పుల వల్ల ఇంటి లోపలి ఉష్ణోగ్రత 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఇటువంటి విధానం తెచ్చిన తొలి రాష్ట్రం ఇదే. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లని కప్పులు ఏర్పడాలన్నది లక్ష్యం. అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదుకు, తక్కిన 100 మిగతా రాష్ట్రానికి. నివాసేతర భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. అంతకంటె చిన్న ఇళ్లకు ఇష్టాన్ని బట్టి. మన గ్రామాల్లోని ఇళ్లు చాలావరకు ఈ చిన్న కోవలోనివే కనుక ఎవరో వచ్చి చేయిస్తారని ఎదురుచూడకుండా ఎవరి కప్పుకు వారే పూనుకోవాలి.

పద్ధతి కష్టమైనది కాదు. శివరాత్రికి, ఉగాదికి మధ్య మంచి అదను. కప్పు మీది దుమ్ము, నాచు, ఆకులు ఊడ్చి కడిగి ఆరనివ్వాలి. పగుళ్లుంటే ముందు పూడ్చుకోవాలి. నానబెట్టి వడకట్టిన సున్నంలో పట్టు కోసం కొంచెం జిగురు కలిపి, ఒక పూత ఆరాక మరొకటి చొప్పున రెండు మూడు పూతలు వేయాలి. ఇంటివారే వేసుకుంటే ఖర్చు వందల్లోనే తేలిపోతుంది. వానకాలం గడిచేసరికి సున్నం వెలిసిపోతుంది కనుక ఏటా వేయవలసిందే. స్తోమత ఉన్నవారు వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు కొని వేసుకుంటే కొన్నేళ్లు ఆగుతుంది. స్లాబు మీద తెల్లని పింగాణీ పెంకుల ముక్కలు పరిస్తే ఇంకా మన్నిక. బొగ్గుధూళి పడే గోదావరిఖని వంటి చోట్ల వేసవిలో కప్పును తరచు ఊడ్చుకోవాలి. తెలుపు మాసిపోతే ఫలితమూ మాసిపోతుంది.

జాగ్రత్తలు మరువరాదు. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్లద్దాలు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని పని చేయాలి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు మోపరాదు. పాత రేకు విరిగి పడితే నడుములు విరుగుతాయి. కింది వాసాలకు ఆనేలా అడ్డంగా పలక వేసుకుని, లేదా నిచ్చెన మీద నుంచి పొడవాటి కర్రకు కట్టిన కుంచెతో వేయాలి. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకులను పొడిగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని కనుక తడిపి మెత్తగా కడగాలే గాని గీకరాదు.

సున్నం వేసే వీలు లేనివారు కప్పుకు మూరెడు ఎత్తున తాటికమ్మల పందిరి గాని, షేడ్ నెట్టు గాని కట్టుకోవచ్చు. పందిరికి, కప్పుకు నడుమ గాలి ఆడాలి. రేకుల మీదికి సొరపాదు, బీరపాదు పాకించే అలవాటు కూడా మంచిదే. కూర వస్తుంది, నీడా వస్తుంది.

ఫ్యాను ఎప్పుడు పనిచేస్తుంది?

కప్పు సంగతి ముందుగా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఫ్యాను గదిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆర్చి మనిషికి చల్లగా తోచేట్టు చేస్తుంది, అంతే. గదిలో గాలి 40 డిగ్రీలు మించి వేడెక్కితే ఫ్యాను వల్ల ఒళ్లు చల్లబడకపోగా ఇంకా వేడెక్కుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. సెగ గదిలో ముసలివారిని పడుకోబెట్టి ఫ్యాను వేశాం కదా అని ధీమాగా ఉండరాదు. కప్పు పూత వల్ల తగ్గే ఆ రెండు నుంచి ఐదు డిగ్రీలే ఫ్యానును పనికివచ్చేట్టు చేస్తాయి.

కూలరు తీరు వేరు. అది నీటిని ఆవిరి చేసి గాలిని నిజంగానే చల్లబరుస్తుంది. మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల గాలి పొడిగా ఉంటుంది కనుక కూలరు బాగా పనిచేస్తుంది. ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. గది మూసి కూలరు పెడితే తేమ పేరుకుని ఉక్క పెరుగుతుంది. వానలు పడి గాలి తేమగా మారాక కూలరు వల్ల ప్రయోజనం తక్కువ.

ఫలకం ఇచ్చేది కరెంటే కాదు, నీడ కూడా

ఇక సౌర ఫలకాల మాట. ఎండ ముదిరినకొద్దీ చల్లదనం అవసరం పెరుగుతుంది, ఫలకాలకు కరెంటూ అప్పుడే వస్తుంది. పగటి కూలరుకు, ఫ్యానుకు ఇంతకంటె జతకూడిన ఇంధనం లేదు. ఒక కిలోవాటు ఫలకాలకు కప్పు మీద సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. మన ప్రాంతంలో వాటినుంచి రోజుకు సుమారు 4 యూనిట్లు ఆశించవచ్చు.

ఫలకాల వల్ల మరో మేలుంది. అవి కప్పుకు గొడుగు పడతాయి. 2011లో అమెరికాలో శాన్‌డీగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక భవనాన్ని పరిశీలించగా, ఫలకాల కింద ఉన్న కప్పు లోపలి భాగం ఎండ తగిలే భాగంకంటె పగటివేళ దాదాపు 3 డిగ్రీలు చల్లగా ఉంది. కప్పుకు చేరే వేడి 38 శాతం తగ్గింది. ఈ మేలు దక్కాలంటే ఫలకాలను కప్పుకు అంటించినట్టు కాక, కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలి. గాలి ఆడితే ఫలకాలకూ మంచిదే. అవి కాగినకొద్దీ కరెంటు తగ్గుతుంది. నడివేసవిలో ఈ తరుగు పదింట ఒక వంతుకు మించవచ్చు. ధూళి పడితే మరికొంత తరుగు. వారానికొకసారి తెల్లవారుజామున చన్నీళ్లతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద నీళ్లు పోయరాదు, పగిలే ప్రమాదముంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇళ్లకు ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లు, అంతకు మించితే 78 వేల రూపాయలు రాయితీ నిర్ణయించారు. పథకం గడువు 2026-27 వరకు. ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు లైనులోకి వెళ్లి మీటరులో జమ అవుతుంది.

ఇక్కడ కొనేవారు తప్పక అడిగి తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. లైనుకు కలిపిన మామూలు సౌర ఏర్పాటు, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బందికి షాకు తగలకుండా ఈ కట్టుదిట్టం చేశారు. నెత్తిన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కరెంటు కోతల వేళ కూడా ఫ్యాను కావాలనుకునేవారు బ్యాటరీతో కూడిన ఏర్పాటు అడగాలి. అంత స్తోమత లేనివారికి 100 వాట్ల ఫలకం, ఒక బ్యాటరీ, బ్యాటరీతో తిరిగే ఫ్యాను చాలు. పగలు నిండిన బ్యాటరీతో 30 వాట్ల ఫ్యాను రాత్రి దాదాపు పది గంటలు తిరుగుతుంది. మంచాన పడ్డవారు, బాలింతలు ఉన్న ఇంటికి ఇది పెద్ద ఆసరా.

200 యూనిట్ల లెక్క

2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద రేషన్ కార్డు గల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఆ గీత దాటితే మొత్తం బిల్లు కట్టవలసిందే. కాబట్టి చల్లదనం కోసం ఏది కొన్నా ముందు ఈ లెక్క వేసుకోవాలి.

పాతరకం ఫ్యాను 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది, నెలకు 14 యూనిట్లకు మించదు. 180 వాట్ల కూలరు రోజుకు 12 గంటలు నడిస్తే 65 యూనిట్లు. ఏసీ గంటకు ఒక యూనిట్ చొప్పున రోజుకు 8 గంటలు నడిస్తే అదొక్కటే 240 యూనిట్లు. వాయిదాల మీద ఏసీ కొన్న ఇంటికి వాయిదాతోపాటు బిల్లూ మొదలవుతుందన్నమాట. అదే రెండు కొత్త ఫ్యాన్లు, ఒక కూలరు కలిపి వందలోపు యూనిట్లు. దీపాలకు, టీవీకి ఇంకా మిగులుతుంది.

జీరో బిల్లు వస్తున్న ఇంటికి లైనుకు కలిపే సౌర ఫలకాల వల్ల లాభం స్వల్పం. సున్నం, కొత్త ఫ్యాను, వీలైతే చిన్న బ్యాటరీ ఏర్పాటు వారికి చాలు. నెలనెలా 200 యూనిట్లు దాటి బిల్లు కడుతున్నవారికి, కిరాణా, జిరాక్సు దుకాణాలవంటి పగటి వాడకం ఉన్నవారికి ఫలకాలు కలిసివస్తాయి. ఇంటి రాయితీ దుకాణాలకు వర్తించదు. ఏసీ తప్పదనుకునేవారు కూడా ముందు కప్పుకు తెల్ల పూత వేస్తే అదే ఏసీ తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది.

రాత్రి బాకీ

రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 2022 జులై 1 నుంచి 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్కేంద్రం పూర్తిస్థాయిలో పనిచేస్తున్నది. దాని పక్కనే 1983 నుంచి బొగ్గుతో విద్యుత్తు తయారవుతున్నది. పొద్దుగూకగానే నీటి మీది ఫలకాలు నిద్రపోతాయి. సరిగ్గా ఆ వేళకే స్లాబుల్లో దిగిన పగటి వేడి ఇళ్లలోకి చేరుతుంది, ఊరూరా ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు తిరగడం మొదలవుతుంది. ఆ భారమంతా మళ్లీ బొగ్గు మీదే. పగలు కప్పు మీద ఆపని వేడిని రాత్రి బొగ్గు కాల్చి బయటికి తోలుతున్నాం. పగలే ఆపితే రాత్రి ఆ బాకీ ఉండదు.

కట్టేటప్పుడే చూసుకోవాలి

2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయల సాయంతో 400 చదరపు అడుగులకు తగ్గకుండా ఇళ్లు కట్టుకుంటున్నారు. ఇప్పుడు పోసే స్లాబు రెండు తరాలు ఉంటుంది. కిటికీలు ఎదురెదురుగా పెట్టుకోవడం, పడమటి కిటికీకి వెడల్పాటి సజ్జ వేయడం, వేడిగాలి పైకి పోయేలా కప్పు దగ్గర వెంటిలేటరు వదలడం, పడమట ఒక వేపమొక్క నాటడం, చివరగా స్లాబుకు తెల్ల పూత వేయడం ఇల్లు కట్టేటప్పుడు పెద్ద ఖర్చులు కావు. కట్టాక సరిదిద్దడం మాత్రం ఖర్చే. గృహనిర్మాణ శాఖ ఇంజనీర్లు పునాది, పిల్లర్ల కొలతలతోపాటు వీటినీ లబ్ధిదారులకు చెప్పాలి. అంగన్‌వాడీ కేంద్రాలు, పాఠశాలలు, ఉపకేంద్రాల కప్పులకు వేసవి రాకముందే తెల్ల పూత వేయించే పని గ్రామ పంచాయతీలు చేపట్టాలి. పసిపిల్లలు, గర్భిణులు పగటిపూట గడిపే చోట్లివి.

వీధిలో ఒక ఇంటి కప్పు తెల్లబడితే పక్కింటివారు వచ్చి లోపల నిలబడి చూస్తారు. తేడా తెలిస్తే మరుసటి ఏడాది ఆ ఇంటికీ సున్నం వస్తుంది. వచ్చే శివరాత్రికి ఇంటి గోడలకు సున్నం నానబెట్టేవారు మరో రెండు బకెట్లు కప్పు కోసం కూడా నానబెట్టుకుంటే మంచిది.